వద్దనడానికి ఒక వరస

ముతోండో బజారు పోలీస్ ఠాణా,
ఫిబ్రవరి 6

ముతోండో ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయిని శ్రీమతి ఎస్నాత్ జేరే గారికి సార్జెంట్ ఫెస్టస్ కబాసో సెల్యూట్ చేసి రాయడమేమంటే,

ఇకనుంచి పోలీసులే బడులకు వెళ్లి, పిల్లలు మత్తుమందుల జోలికి పోకుండా పాఠాలు చెప్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఠాణాలో ఉన్నది ముగ్గురం. ఒకాయనకు పంటినొప్పి. ఇన్‌స్పెక్టర్‌గారికి పిల్లలంటే భయం. కనక నేను వస్తున్నాను. ప్రతి గురువారం, మీ ఆరో తరగతికి, మొత్తం ఆరు వారాలు. చివర్లో మీరు "పాఠాలు పనికొచ్చాయి" అని రాసి సంతకం పెడితే మిగతా బడుల్లోనూ మొదలుపెడతారు. పెట్టకపోతే ఇక్కడితో సరి.

మీ గేటు దగ్గర బకెట్టులో బన్నులు అమ్మే విల్‌బ్రాడ్ మీద నాకెప్పట్నుంచో కన్నుంది. పైన మామూలు బన్నులు, అడుగున గుడ్డ కింద గంజాయి కలిపినవి ఉంటాయని ఊరంతా అంటోంది. రెండుసార్లు సోదా చేశాను. మా జీపు మలుపు తిరగ్గానే ఎవరో ఈల వేస్తారు. నేను దిగేసరికి అన్నీ మామూలువే. ఒకటి తిని కూడా చూశాను. ఆకలి తీరింది తప్ప ఏమీ కాలేదు.

ఇట్లు,
విధేయుడు,
ఫెస్టస్ కబాసో

తా.క.: కవరు అంటించబోతూ మీ ఇంటిపేరు సరిగ్గా చూశాను. జేరే! అంటే ఎంగోనీ తెగవారు! నేను బెంబావాణ్ణి. మన తాతలు ఈటెలతో పొడుచుకుని పొడుచుకుని అలిసిపోయి, ఇకమీదట మాటలతోనే పొడుచుకుందామని ఒప్పుకున్నారు కదా. ఆ వరసన మీరు నాకు వదినగారు. కాబట్టి వదినగారూ, గురువారం నేనొచ్చే వేళకు మీ బడి వంటింటి ముందు మీవాళ్లు తినడానికి ఎండబెట్టిన ఎలుకల్ని కాస్త లోపల పెట్టించండి. నా యూనిఫారం ఇప్పుడే ఉతికించాను.

*

ముతోండో ప్రాథమిక పాఠశాల,
ఫిబ్రవరి 10

మరిదిగారికి వదిన దీవెనలు.

మీ ఉత్తరం స్టాఫ్‌రూములో గట్టిగా చదివి వినిపించాను. టీ తాగుతున్న లెక్కల మాస్టారికి పొలమారింది. తప్పకుండా రండి. తుపాకీ మాత్రం ఠాణాలో పెట్టి రండి, పిల్లలు పాఠం మానేసి దాన్నే చూస్తారు.

విల్‌బ్రాడ్ సంగతి మీరన్నదానికన్నా ఘోరం. వాడు అమ్మడు, పెడతాడు. "ఇంద, మామయ్య పెడుతున్నాడు, తిను" అంటాడు. మన పిల్లల సంగతి తెలుసుగా. పెద్దవాళ్లు ఏదైనా ఇస్తే మోకాళ్లు వంచి, చప్పట్లు కొట్టి, రెండు చేతులా పుచ్చుకోవాలి. అందులోనూ మామయ్య! నాలుగుసార్లు ఊరికే పెట్టి, అయిదోసారి నుంచి డబ్బు అడుగుతాడు. నేను గేటు బయటికి వచ్చి తరిమితే రోడ్డు దాటి నిలబడతాడు. అక్కడ నా పెత్తనం లేదు.

ఇలాంటివన్నీ ఉత్తరంలోనే రాయండి. ఫోనులో తిట్టుకుంటే ఫైలులో ఉండదు. మినీబస్సు కండక్టర్ ఊరికే తెచ్చిపెడతాడు. దారిలో చదువుకుని ఆనందిస్తాడు కూడా.

ఇట్లు,
ఎస్నాత్ జేరే

తా.క.: బడి వెనక మామిడితోపులో కోతులున్నాయి. బెంబావాడొకడు వస్తున్నాడని నిన్న సాయంత్రమే కబురు పెట్టాను. పొద్దున చూస్తే ఒక్కటీ లేదు, పిల్లల్ని చంకనేసుకుని కొండెక్కేశాయి. మా ఇంట్లో మీవాళ్లు తినే కోతి కూర మాట రానిదే భోజనం ముగియదు. ఇలా ఉత్తరంలో రాసే భాగ్యం మాత్రం నాకిదే మొదటిసారి. వరస గుర్తుందిగా, కోపం వచ్చినవాళ్లు జరిమానా కట్టుకోవాలి!

*

ముతోండో బజారు ఠాణా,
ఫిబ్రవరి 14

ఎలుకల వేపుడు వదినగారికి నమస్కారాలు.

మొదటి పాఠం అదిరిపోయింది! మీరు కిటికీలోంచి చూశారుగా. పైనుంచి పంపిన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నేర్పాను. నిటారుగా నిలబడాలి. చెయ్యి చాపి అరచెయ్యి ఎదుటివాడి ముక్కుకు ఎదురుగా పెట్టాలి. కళ్లలోకి సూటిగా చూసి, "వద్దు! నా జీవితంలో నాకు వేరే పనులున్నాయి!" అని గట్టిగా అనాలి. నలభైమందీ ఒక్క గొంతుతో అంటుంటే రేకులు అదిరాయి. లుసుంగు అనే పిల్ల ఉందే, ముందు వరసలో, రెండు జడలు, ఆ పిల్ల చెయ్యి చాపితే నేనే ఒకడుగు వెనక్కి వేశాను.

అలవాటు కావాలని ఇంటిపని ఇచ్చాను. ఇంట్లో ఎవరో ఒకరితో రోజుకు పదిసార్లు అలా అనాలి.

ఇట్లు,
మీ మరిది ఫెస్టస్

తా.క.: మధ్యాహ్నం మీరు పెట్టిన సంగటీ పల్లీపొడి కలిపిన గుమ్మడాకు కూరా కడుపారా తిన్నాను. ఆ కూరలో తోకలేవైనా ఉన్నాయేమోనని వెతికాను. లేవు. వడ్డించేముందు మీరే తినేసి ఉంటారు.

*

ముతోండో పాఠశాల,
ఫిబ్రవరి 17

సార్జెంట్‌గారికి,

మీరు నేర్పింది పిల్లలు బ్రహ్మాండంగా నేర్చుకున్నారు. ఊరు అల్లకల్లోలమైంది.

శుక్రవారం లుసుంగుకు వాళ్ల అమ్మమ్మ ఉడికించిన చిలగడదుంప పెట్టిందట. పిల్ల లేచి నిలబడి, ముసలావిడ ముక్కుకు అరచెయ్యి అడ్డంపెట్టి, నా జీవితంలో నాకు వేరే పనులున్నాయంది. పిల్లకు గాలి సోకిందని ఆవిడ ఇరుగుపొరుగును పిలిచింది. శనివారం బోరింగు దగ్గరికి నీళ్లకోసం వెళ్లమన్న తండ్రులకు ఇదే జవాబు. సగం మంది దాన్ని ఇంటి చాకిరీ ఎగ్గొట్టడానికే వాడుకున్నారని నాకు తెలుసు, అది వేరే విషయం.

ఇక ఆదివారం. చర్చిలో పాస్టరుగారు పిల్లల్ని ముందుకు పిలిచి, ప్రేమగా చేతులు చాచి, "ప్రభువును మీ హృదయాల్లోకి స్వీకరిస్తారా?" అని అడిగారు. నలభై అరచేతులు లేచాయి. జవాబేమిటో మీకు తెలుసు. పాస్టరుగారు కుర్చీలో కూలబడ్డారు. వెనక వరసలో నేను హాండ్‌బ్యాగులో తల పెట్టుకుని కూర్చున్నాను.

తల్లిదండ్రుల సంఘం వాళ్లు మా ఆఫీసుకు వచ్చారు. పోలీసులు మా పిల్లలకు పెద్దల్ని ఎదిరించడం నేర్పుతున్నారని అంటున్నారు. ఏదో ఒకటి చెయ్యండి.

ఇట్లు,
ఎస్నాత్ జేరే

తా.క.: కోతులింకా కొండ దిగలేదు.

*

ముతోండో బజారు ఠాణా,
ఫిబ్రవరి 21

వదినగారూ, లెంపలేసుకున్నాను.

తప్పు నాదే. ఆ పుస్తకం రాసినవాళ్లకు మామయ్యలు లేరనుకుంటాను. పాస్టరుగారింటికి వెళ్లి క్షమాపణ అడిగాను. టీ ఇచ్చారు. వద్దనబోయి నాలిక కరుచుకుని తాగాను.

నిన్న పాఠం మార్చేశాను. పెద్దవాళ్లకు వద్దని చెప్పాలంటే మన పద్ధతిలోనే చెప్పాలి. మోకాళ్లు వంచాలి. కళ్లు దించుకోవాలి. మెల్లగా రెండు చప్పట్లు కొట్టాలి. "మామయ్యా, మీ దయ. మాకు వద్దండి" అనాలి. చూడముచ్చటగా చేశారు. లుసుంగు వాళ్ల అమ్మమ్మను పిలిపించి ఆవిడ ఎదటే చేయించాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది.

ఇక ఈ పాఠానికి తిరుగులేదు.

ఇట్లు,
మరిది

తా.క.: అమ్మమ్మగారు నాకొక పొట్లం ఇచ్చారు. ఠాణాకొచ్చి విప్పితే వరసగా పుల్లకు గుచ్చిన ఎలుకలు! నేను బెంబావాణ్ణని ఆవిడకెవరు చెప్పారు వదినగారూ?

*

ముతోండో పాఠశాల,
ఫిబ్రవరి 24

సార్జెంట్‌గారికి,

అమ్మమ్మగారికి చెప్పింది నేనే. కానీ ఇవాళ నవ్వే ఓపిక లేదు.

పొద్దున గేటు దగ్గర నిలబడి చూశాను. విల్‌బ్రాడ్ బకెట్టు దించాడు. "రండి, మామయ్య పెడుతున్నాడు" అన్నాడు. పిల్లలు మీరు చెప్పినట్టే మోకాళ్లు వంచారు. కళ్లు దించుకున్నారు. రెండు చప్పట్లు కొట్టారు. మోకాళ్లు వంచి చప్పట్లు కొట్టి, ఆ చేతులు దోసిలిలాగే ఉంచినవాళ్లను చూస్తే మనవాడెవడికైనా ఏమర్థమవుతుంది? ఇచ్చినందుకు దండాలు చెబుతున్నారనేగా! వద్దండి అనే మాట నోట్లోంచి వచ్చేలోపే దోసిట్లో బన్ను పడింది. దోసిట్లో పడ్డాక పారేస్తే తప్పు. తిన్నారు.

ఎప్పుడూ ముగ్గురో నలుగురో తినేవాళ్లు. ఇవాళ పదకొండుమంది. రెండో పీరియడ్‌లో ఇద్దరు గోడను చూసి నవ్వుతూ కూర్చున్నారు. ఒక పిల్లాడు వాంతులు చేసుకున్నాడు, ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. ఇప్పుడు బాగానే ఉన్నాడు.

శుక్రవారం తల్లిదండ్రుల మీటింగు. మీ పాఠాలు ఆపించాలని అందరూ ఒక్కమాట మీదున్నారు. వాళ్లకు ఏం జవాబు చెప్పమంటారు? సంతకం మాట అటుంచండి, నాకే నమ్మకం పోతోంది.

ఇట్లు,
ఎస్నాత్ జేరే

*

ముతోండో బజారు ఠాణా,
ఫిబ్రవరి 25

అమ్మా,

ఈసారి వరసలూ వేళాకోళాలూ లేవు. ఇది చదివి ఫైలులో పెట్టకండి.

నాకొక తమ్ముడున్నాడు, చోలా. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. మా ఊరు కసామాలో బడికి వెళ్లేటప్పుడు మా వీధిలో ఒక పెద్దాయన వాణ్ణి రోజూ పిలిచి చిన్న సీసాలో దగ్గుమందు పోసి ఇచ్చేవాడు. వాడికి దగ్గు లేదు. పెద్దాయన ఇచ్చాడు కదా అని రెండు చేతులా పుచ్చుకుని తాగేవాడు. తరవాత గంజాయి, తరవాత ఇంకేవో. వాడు చెడ్డవాడు కాదు. మా ఇంట్లో అందరికన్నా మర్యాదస్తుడు. ఆ మర్యాదే వాణ్ణి ముంచింది. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. అవన్నీ మానేసి ఏడాదైంది, కానీ పొద్దస్తమానం అమ్మ ఇంటి వాకిట్లో కూర్చుని దారినపోయే వాళ్లని చూస్తుంటాడు. ఎవరేం చెప్పినా సరేనంటాడు. తనంతట తాను ఏ పనీ మొదలుపెట్టడు.

పాఠాలు చెప్పేవాడు కావాలని ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడు రెండోవాడికి పంటినొప్పి లేదు. నేనే వెళతానని చెయ్యెత్తాను. మీకు అబద్ధం రాశాను.

మా అమ్మది వాన వంశం. వాళ్లు ఎవరినీ బతిమాలరని పేరు. నేను బతిమాలుతున్నాను. ఒక్క వారం గడువు ఇప్పించండి. ఏం నేర్పాలో నాకింకా తెలియదు. అయినా ఇప్పించండి.

ఫెస్టస్ కబాసో

*

ముతోండో పాఠశాల,
మార్చి 4

ఫెస్టస్ గారికి,

ఉత్తరం ఫైలులో పెట్టలేదు. బైబిల్లో పెట్టుకున్నాను.

శుక్రవారం మీటింగులో మూడు గంటలు వాదించి ఒక వారం గడువు తెచ్చాను. కానీ ఈ గురువారం మీరు రావద్దన్నారు.

ఇప్పుడొక విచిత్రం వినండి. నిన్న ఆరో తరగతిలో హాజరు తీసుకుంటుంటే లుసుంగు లేచింది.

"మేడమ్, సార్జెంట్‌గారు పెద్దవారే కదా?"

"అవును."

"మరి ఆయన్ని మీరు కోతి కూరాయన అంటారేం? మా అమ్మమ్మ కూడా ఆయనకు మోకాళ్లు వంచలేదు, ఎలుకలిచ్చి ఎగతాళి చేసింది."

"ఆయన బెంబా కదమ్మా. మీరు ఎంగోనీలు. ఆ వరసకు మర్యాద ఉండదు."

"చిన్నపిల్లలైనా అనొచ్చా?"

"పొట్టలో ఉన్న బిడ్డ కూడా అనొచ్చు."

"వాళ్లేమైనా ఇస్తే పుచ్చుకోవాలా?"

"మొహాన కొట్టి ఇంకో రెండు తిట్టాలి. అదే మర్యాద."

పిల్ల కూర్చోబోయి మళ్లీ లేచింది. "మేడమ్, విల్‌బ్రాడ్ మామయ్యది ఏ ఊరు?"

నేను హాజరు పుస్తకం మూసేశాను. వాడిది ఏ ఊరో ఎప్పుడూ అడగలేదే! మామయ్యా మామయ్యా అని వాడే అనిపించుకున్నాడు. లెక్కల మాస్టారిని పంపి వాకబు చేయిస్తే కసామా వైపు బెంబావాడేనని తేలింది. ఆ మాట చెప్పగానే క్లాసు క్లాసంతా బల్లల మీద దరువు వేసింది. తరవాత పాఠమేదీ జరగలేదు. నలభైమందీ తిట్లు కూడబెట్టుకుంటూ కూర్చున్నారు. నేను ఆపలేదు. రెండు మూడు చోట్ల సాయం కూడా చేశాను.

రేపు పొద్దున గేటు దగ్గర ఏమవుతుందో చూడాలి.

ఇట్లు,
ఎస్నాత్ జేరే

తా.క.: మీ అమ్మగారిది వాన వంశమన్నారు. కసామాలో ఏ పేట?

*

ముతోండో బజారు ఠాణా,
మార్చి 5, పన్నెండు గంటలు

వదినగారూ! వదినగారూ! కండక్టర్ బస్సు ఆపుకుని నిలబడ్డాడు, గబగబా రాస్తున్నాను.

పొద్దున ఎనిమిదిన్నరకు ఠాణాలోకి ఎవరొచ్చారనుకున్నారు? విల్‌బ్రాడ్! తనంతట తానే! చంకలో బకెట్టు, చొక్కా నిండా బన్ను ముక్కలు.

"సార్జెంట్‌గారూ, మీరు మనవాళ్లు కాబట్టి మీ దగ్గరకొచ్చాను. కేసు రాయండి" అన్నాడు.

"ఎవరి మీద?"

"ఆరో తరగతి మీద."

నేను పెన్ను తీశాను. "ఏం చేశారు?"

"ఒక్కడూ మోకాలు వంచలేదు! రెండు జడల పిల్ల ముందుకొచ్చి, 'ఏం కోతి కూర బావా, నీ తోక ప్యాంటులో పట్టిందా?' అంది. ఆ బన్ను మీ ఊరి కోతులకు పెట్టు, చుట్టాలు కదా అంది. ఇంకొకడు నా చెవులు చూపించి, పోలిక చూడండ్రా అన్నాడు. రోడ్డు మీద ఆడవాళ్లు కూడా నవ్వారు సార్!"

"బన్నులు తీసుకున్నారా?"

"ఎక్కడ తీసుకున్నారు! ఇచ్చినవి ఇచ్చినట్టు నా మీదే విసిరారు. నష్టమెంతో చూడండి" అని బకెట్టు నా బల్లమీద పెట్టాడు.

"పైవి నలిగాయి. మరి అడుగున ఉన్నవి? కేసు రాయాలంటే మొత్తం చూడాలి."

"చూడండి సార్, అన్నీ చూడండి!" అని ఆ కోపంలో తానే గుడ్డ లాగాడు.

లాగాక గుర్తొచ్చింది పాపం. జీపు రాలేదు, ఈల వేసేవాడు లేడు. ఆకుపచ్చ కాగితంలో చుట్టినవి ముప్పై ఆరు ఉన్నాయి. నేను చూశాను, ఇన్‌స్పెక్టర్ చూశాడు. విల్‌బ్రాడ్ కూడా ఎన్నడూ చూడనట్టు చూశాడు.

ఇప్పుడు లోపల ఉన్నాడు. మా బెంబావాళ్ల పరువు తీశాడు. అన్నిటికన్నా సిగ్గుచేటు, వరస మాటకు కోపం తెచ్చుకుని ఠాణాకెక్కడం! నా సర్వీసులో ఇలాంటి ఫిర్యాదు చూడలేదు.

వదినగారూ, పిల్లలు వద్దన్నారు. నలభైమందీ వద్దన్నారు. బల్ల దగ్గర కూర్చుని ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గులేదు.

ఇట్లు,
మరిది ఫెస్టస్

తా.క.: మా అమ్మ పేట సంగతి మీకెందుకు? పెళ్లిసంబంధమా? ఏటి పక్క పాత మిషన్ వెనక పేట. అక్కడికి వెళితే మాత్రం మీ ఎలుకల బుట్ట బయటే పెట్టి వెళ్లండి.

*

ముతోండో పాఠశాల,
మార్చి 7

చిరంజీవి ఫెస్టస్‌ను పెద్దమ్మ ఆశీర్వదించి రాయడమేమంటే,

అవును, పెద్దమ్మే. కూర్చుని చదువు.

ముందు సంతకం మాట. నిన్న మళ్లీ మీటింగు పెడితే తల్లిదండ్రులు నీ పాఠాలు ఆరు వారాలు కాదు, ఏడాదంతా కావాలన్నారు. "పాఠాలు పనికొచ్చాయి" అని రాసి సంతకం పెట్టాను. పాస్టరుగారు సాక్షి సంతకం పెట్టారు. ఇక నుంచి పిల్లలకు ఒక్కటే నేర్పు. చెడ్డది ఇచ్చేవాడు ఏ ఊరివాడైనా సరే, మామయ్య కాదు, వేళాకోళం వరసవాడే.

ఇక రెండో మాట. జేరే నా మొగుడి ఇంటిపేరు. నేను పుట్టింది కసామాలో, ఏటి పక్క పాత మిషన్ వెనక పేటలో. నాదీ వాన వంశమే. మీ అమ్మ ఎవరో కనుక్కున్నాను, నాకన్నా నాలుగేళ్లు చిన్నది, ఒకే వంశం కాబట్టి నాకు చెల్లెలి వరస. అంటే నువ్వు ఇన్నాళ్లూ ఎలుకల వదినా అని తిట్టింది సాక్షాత్తూ మీ అమ్మ అక్కని!

మరి నేనెందుకు ఊరుకున్నానంటావా? ముప్పై ఏళ్లుగా ఈ ఎంగోనీ ఇంట్లో ప్రతి భోజనానికీ కోతి కూర అని మాటలు పడుతూనే ఉన్నాను. అత్త అంది, ఆడబిడ్డలన్నారు, ఇప్పుడు మనవలు అంటున్నారు. ఆ మాట ఒక్కసారైనా తిరిగి ఎవరినైనా అనాలని ఎంత ముచ్చటగా ఉండేదో! నువ్వొచ్చి వదినగారూ అన్నావు. ఆ వరస వదులుకోవడానికి మనసొప్పలేదు. వాన వంశమని నువ్వు రాసిన రోజు మాత్రం నవ్వు ఆగిపోయింది. అప్పటికే నిన్ను చాలా అనేశాను, ఇక ఆపడమెందుకులే అనుకున్నాను.

పెద్దమ్మను తిట్టినందుకు జరిమానా ఉంది. ఒక కోడిపెట్ట తెచ్చి, నువ్వే కోసి, నువ్వే వండి, మోకాళ్లు వంచి పెట్టాలి. ఆదివారం రా.

వచ్చేటప్పుడు చోలాను తీసుకురా. బడి తోటలో గుమ్మడి పాదులకు నీళ్లు పెట్టేవాడు లేడు, పాదులన్నీ ఎండుతున్నాయి. నా ఇంట్లోనే ఉంటాడు. పొద్దున లేవగానే ఏం చెయ్యాలో నేను చెబుతాను. కొన్నాళ్లకు పాదులే చెబుతాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మ,
ఎస్నాత్

తా.క.: కోతులు నిన్న కొండ దిగి వచ్చాయి. మనిద్దరమూ బెంబావాళ్లమేనని వాటికెవరూ చెప్పొద్దు.

ఇంకొక తా.క.: చోలా రానంటాడేమోనని బెంగపడకు. పెద్దమ్మ పిలుస్తోందని చెప్పు, చాలు. పెద్దవాళ్లు ఏమన్నా కాదనడం వాడికి రాదన్నావుగా. వాడు ఇక్కడికి చేరేదాకా నీ పాఠం వాడికి నేర్పకు నాయనా.